యుద్ధం రోజుల్లో పురుటి గదులు: బెజవాడ నుంచి గుంటూరు దాకా

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ తరవాత కొన్ని వారాలపాటు కోస్తాలో జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఇదంతా చాలా ఇళ్ళలో పెద్దలు చెప్పగా విన్నదే. నన్ను ఎప్పటినుంచో తొలుస్తున్న ప్రశ్న ఇంకొకటుంది. ఆ రోజుల్లో నెలలు నిండిన ఆడవాళ్ళు ఎక్కడ కన్నారు? వాళ్ళకు పురుడు పోసిందెవరు? మందులు దొరకని ఆ మూడు నాలుగేళ్ళూ మన చిన్న ఊళ్ళ ఆసుపత్రులు, నర్సింగ్ హోంలు ఎట్లా నడిచాయి?

మా అమ్మమ్మ తొలి కాన్పు 1943లో గుంటూరు మిషన్ ఆసుపత్రిలో అయింది. ఊళ్ళో మంత్రసాని ఇక తన వల్ల కాదంటే, బండి మీద తెనాలి చేర్చి, అక్కణ్ణుంచి రైల్లో గుంటూరు తీసుకెళ్ళారట. ఆమె ఎప్పుడు చెప్పినా డాక్టరమ్మ గురించి చెప్పేది. రాత్రంతా పక్కన కూర్చున్న నర్సు గురించి కూడా చెప్పేది గానీ ఆమె పేరు మేమెవరమూ అడగలేదు. ఈ ప్రయాణం పెట్టుకోవడానికి అదే కారణం.

శుక్రవారం, విజయవాడ

హైదరాబాదులో రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున బెంజి సర్కిల్లో దిగాను. మా వదిన సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, నాకు కాఫీ ఇచ్చి, "రెండు గంటలు కునుకు తీసి నీతో వస్తా, ఒక్కదానివే తిరగమాకు" అంది. పది గంటలకు బయల్దేరాం.

సూర్యారావుపేటలో ఏ వీధి మొదట్లో నిలబడ్డా ఆసుపత్రి బోర్డులే. నక్కల్ రోడ్డు, డోర్నకల్ రోడ్డు, మధ్య సందులు, ఎక్కడ చూసినా స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు, రిపోర్టులు చేత్తో పట్టుకుని ఆటోలు దిగే జనం. ఉభయ కృష్ణా, గుంటూరు జిల్లాలకూ, ఖమ్మం వైపు వాళ్ళకూ కూడా ఇదే పెద్దాసుపత్రుల పేట. పాతకాలపు డాబా ఇళ్ళు అక్కడక్కడా మిగిలాయి. వాటి ముందు నిలబడి వదిన నాకు ఒక ఊహాచిత్రం గీసింది. తను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పాత నర్సింగ్ హోంలో పనిచేసిందట, దాని కట్టడం ఆ కాలం నాటిదే. ముందు వసారాలో బల్లలు. పక్కన కాంపౌండరు గది. లోపల డాక్టరు గారు. వెనకవైపు పురుళ్ళకు రెండు మూడు గదులు, పెరట్లో బావి, బావి పక్కన రోగుల బంధువులు వండుకోవడానికి రేకుల పాక.

మిక్చరు సీసా రోగి ఇంటినుంచే రావాలి. కాంపౌండరు మందు పోసి, కాగితం పట్టీని ఒక పక్క గాట్లు గాట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాడు. గాటుకొక మోతాదు. ఇది మా నాన్న చిన్నతనంలో కూడా ఉంది. యుద్ధంలో కాగితం కరువైంది, సీసాలు కరువయ్యాయి, సీసాలో పోసే మందు అంతకన్నా కరువైంది.

ఆ కరువుకు దారి ఎక్కడినుంచి పడిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1942 మార్చిలో జపాను సేనలు జావాను పట్టుకున్నాయి. అప్పట్లో ప్రపంచానికి కావలసిన సింకోనా బెరడులో దాదాపు తొంభై శాతం జావా నుంచే వచ్చేది. క్వినైన్ తయారయ్యేది ఆ బెరడుతోనే. మనకు నీలగిరుల్లో నడువట్టంలోనూ, డార్జిలింగ్ దగ్గర మంగ్పూలోనూ ప్రభుత్వ సింకోనా తోటలు, ఫ్యాక్టరీలు ఉండేవి గానీ దేశం అవసరానికి అవి చాలవు. పైగా అడవుల్లో యుద్ధం చేసే సైన్యానికి మలేరియా మందు ముందు కావాలి. అంతకుముందు పోస్టాఫీసులో సైతం పొట్లాలు కట్టి అమ్మిన క్వినైన్, కాలవల కింద ఊళ్ళలో చలిజ్వరంతో వణుకుతున్న చూలింతలకు దొరకడం కష్టమైంది. మలేరియా తగిలిన గర్భిణికి రక్తం తగ్గిపోతుంది, నెలలు నిండకముందే కాన్పు వస్తుంది. జావాలో ఓటమికీ కృష్ణా డెల్టాలో పురుటి గదికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నేను చదివిన ఏ యుద్ధ చరిత్రా చెప్పలేదు.

అదే మార్చిలో రంగూన్ కూడా పోయింది. బర్మా నుంచి వచ్చే బియ్యం ఆగింది, కిరసనాయిలు ఆగింది. కరెంటు లేని చోట రాత్రి కాన్పు అంటే లాంతరు వెలుగే గతి. ప్రైమస్ స్టవ్ మీద పనిముట్లు మరిగించాలన్నా కిరసనాయిలే. "వేడినీళ్ళు లేకుండా లేబర్ రూం నడపమంటే నేను నడపలేను. వాళ్ళు కట్టెల పొయ్యి మీద మరగబెట్టుకుని ఉంటారు, అంతే" అంది వదిన. బర్మా నుంచి లక్షల మంది భారతీయులు అడవుల వెంట కాలినడకన వచ్చారు. వాళ్ళలో మన తీరం నుంచి రంగూన్ రేవులో కూలికి పోయిన తెలుగువాళ్ళు ఎందరో. కలకత్తా–మద్రాసు రైలు దారిలో బెజవాడ పెద్ద జంక్షను. జ్వరాలతో, పుళ్ళతో, చంకలో బిడ్డలతో ఈ ప్లాట్‌ఫారాల మీద దిగినవాళ్ళను తలుచుకోకుండా నేను స్టేషను దాటలేకపోయాను.

ఈ ఊళ్ళో ఆ కాలం ఆడవాళ్ళ వైద్యం అనగానే చెప్పుకోవలసిన పేరు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. 1906లో గుంటూరులో పుట్టారు. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు. మేనత్త భండారు అచ్చమాంబ పేరే ఈమెకు పెట్టారు. మద్రాసులో వైద్యం చదువుతూ సైమన్ కమిషన్ వ్యతిరేక ఉద్యమంలో విద్యార్థులను నడిపించారు, ఇంగ్లండు వెళ్ళి పై చదువు చదివొచ్చి బెజవాడలో ప్రాక్టీసు పెట్టారు. ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి మామూలు ఆడవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో రాశారు. కమ్యూనిస్టు ఉద్యమంలో, మహిళా సంఘంలో పనిచేశారు. తరవాత కాంగ్రెసు తరఫున 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. నాకు ఆమె పార్లమెంటు సభ్యత్వం కన్నా ఆ రాతే గొప్పగా తోస్తుంది. ఒంటి గురించి మాట్లాడటమే సిగ్గనుకున్న కాలంలో, గర్భిణి ఏం తినాలో, పురిటి గది ఎట్లా శుభ్రంగా ఉంచాలో, బొడ్డుతాడు దేనితో కోయాలో ఒక డాక్టరు ఇంటి భాషలో చెప్పడం చిన్న పని కాదు. మందులు లేనప్పుడు కాపాడేది శుభ్రతే కదా.

సాయంత్రం రామమోహన గ్రంథాలయం వైపు వెళ్ళి, బందరు రోడ్డు మీద నడిచి వచ్చాం. గన్నవరం విమానాశ్రయం నుంచి వచ్చిన టాక్సీలు పక్కనుంచి పోతున్నాయి. ఆ విమానాశ్రయం కూడా రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక స్థావరంగా ఉన్నదేనని చెబితే వదిన నమ్మలేదు.

శనివారం, తెనాలి మీదుగా

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. కృష్ణ దాటి, కృష్ణా కెనాల్, కొలనుకొండ, దుగ్గిరాల. పసుపు తవ్వకాల కాలం. కిటికీలోంచి వాసన రాకపోయినా కుప్పలు కనపడుతూనే ఉన్నాయి.

తెనాలిలో రణరంగ చౌక్ దగ్గర ఆగాం. 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం, మర్నాడు నాయకుల అరెస్టులు, ఆగస్టు 12న తెనాలి అట్టుడికింది. జనం రైల్వే స్టేషను మీద పడ్డారు, పోలీసులు కాల్చారు, ఏడుగురు చనిపోయారు. వాళ్ళ స్మారకాలే చౌకులో ఉన్నాయి. పూలదండలు వాడిపోలేదు, ఎవరో ఈమధ్యే వేసినట్టున్నారు. ఆ ఊరు వాళ్ళను మరిచిపోకపోవడం చూసి మనసు నిండింది.

మద్రాసు నుంచి బెజవాడకు మెయిన్ లైను తెనాలి మీదుగానే. మందుల పెట్టెలు, దూది, గాజుగుడ్డ ఏది రావాలన్నా ఈ పట్టాల మీదే రావాలి. అమ్మమ్మ కాన్పుకు వెళ్ళినది కూడా ఇదే స్టేషను నుంచి, ఆ కాల్పులైన మరుసటి ఏడు. మధ్యాహ్నం గుంటూరు బండి దొరికింది. సంగం జాగర్లమూడి, వేజండ్ల దాటేదాకా వదిన నిద్రపోయింది.

ఆదివారం, గుంటూరు కొత్తపేట

నా ప్రయాణమంతా ఈ రోజు కోసమే.

గుంటూరు కొత్తపేట కూడా బెజవాడ సూర్యారావుపేట లాంటిదే, వీధి పొడుగునా నర్సింగ్ హోంలు. వాటన్నిటికీ ముందునుంచీ ఉన్నది కుగ్లర్ ఆసుపత్రి. అమెరికా లూథరన్ మిషన్ ఈ ఊరికి వచ్చింది 1842లో, ఫాదర్ హేయర్‌తో. డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది 1883లో. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివిన ఆమెను మిషన్ వాళ్ళు మొదట పంపింది వైద్యానికి కాదు, ఆడపిల్లల బడులు, జనానా పని (గడప దాటని ఆడవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి కలవడం) చూసుకోవడానికి. ఆమె మాత్రం మందుల పెట్టె వెంట తెచ్చుకున్నారు. రెండేళ్ళకు వైద్యురాలిగా నియామకం తెచ్చుకుని, డిస్పెన్సరీ తెరిచి, 1898కి ఆడవాళ్ళకూ పిల్లలకూ పూర్తి ఆసుపత్రి నిలబెట్టారు. 1930 జులైలో గుంటూరులోనే చనిపోయారు. అమ్మమ్మ చేరేనాటికి ఆమె లేరు. ఆమె తయారుచేసిన పద్ధతి, ఆమె చేతికింద నేర్చుకున్న నర్సులు ఉన్నారు.

ఆసుపత్రి పక్కన ఏలూరు రాజా భుజంగరావు ఒక సత్రం కట్టించారు. తన ఇంటి వాళ్ళకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా. అగ్రకులాల కుటుంబాలు వచ్చి, తమ వంట తాము వండుకుని, రోగిని చూసుకోవడానికి. దీని వెనక ఉన్న సంగతి నాకు మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. గుంటూరు జిల్లా లూథరన్ సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. ఆసుపత్రిలో నర్సు శిక్షణకు వచ్చిన అమ్మాయిల్లో ఎక్కువమంది ఆ ఇళ్ళ నుంచే. వాళ్ళు బిడ్డను బయటికి తీయవచ్చు, తల్లి నెత్తురు కడగవచ్చు. వాళ్ళు ముట్టుకున్న అన్నం మాత్రం పనికిరాదు. మా అమ్మమ్మ తరఫు వాళ్ళూ ఆ సత్రంలాంటి చోటే వండుకుని ఉంటారు. నర్సు పేరు మా ఇంట్లో మిగలకపోవడానికి మతిమరుపు ఒక్కటే కారణమని నేను అనుకోను.

చర్చి ఆరాధన అయ్యాక, వదినకు తెలిసిన ఒక రిటైర్డ్ సిస్టరమ్మ ఇంటికి వెళ్ళాం. ఎనభై దాటారు. తెల్లచీర, తీర్చి దువ్విన ముడి. యాభైల చివర్లో శిక్షణకు చేరారు, అప్పటి వార్డు సిస్టర్లు యుద్ధకాలంలో పనిచేసినవాళ్ళు. వాళ్ళు చెప్పిన మాటలన్నీ ఈమె దగ్గర భద్రంగా ఉన్నాయి.

"మాకు ఏది పారేయాలన్నా చేతులు వణికేవి తల్లీ" అన్నారు. "ఆ పెద్దావిడలు అట్లా నేర్పారు. కట్టుగుడ్డ నెత్తురైతే చన్నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఉడకబెట్టి, ఎండేసి, రాత్రి డ్యూటీలో కూర్చుని చుట్టాలి. ఖాళీగా కూర్చుంటే ఊరుకునేవాళ్ళు కాదు. సూది మొన పోతే సానరాయి మీద పదును పెట్టాలి. గాజు సిరంజి పగిలితే జీతంలో కోత కన్నా వాళ్ళ చూపుకే భయం."

వదిన పకపకా నవ్వి, "ఇప్పుడు మేం ఒక్క షిఫ్టులో పారేసే ప్లాస్టిక్ చూస్తే వాళ్ళు మూర్ఛపోతారు సిస్టర్" అంది.

యుద్ధంలో బట్ట దొరకడం ఎంత కష్టమైందో ఇంకో పెద్దావిడ ద్వారా విన్నానని సిస్టరమ్మ చెప్పారు. పుట్టిన బిడ్డను చుట్టడానికి పాత చీర ముక్కలు ఇంటినుంచి తెమ్మనేవాళ్ళు. అవి వచ్చీ రాగానే మరిగే నీళ్ళలో వేయాలి. "దుప్పటి తెచ్చినవాళ్ళ చేతులోంచి తీసుకుని సరాసరి పొయ్యి దగ్గరికి పరిగెత్తేవాళ్ళమమ్మా అని చెప్పేది మా ట్యూటరమ్మ."

సూతిక జ్వరం గురించి అడిగాను. పురుడయ్యాక మూడో రోజు నాలుగో రోజు వచ్చే ఆ జ్వరం అంటే అప్పటి ఆడవాళ్ళకు యమభయం. చీము పట్టించే క్రిములను అణిచే సల్ఫా మందులు ముప్పైల రెండో సగంలో వచ్చాయి. వాటిలో ఒకటైన ఎం అండ్ బి 693 బిళ్ళలు యుద్ధానికి కాస్త ముందే బజారుకెక్కాయి. సూతిక జ్వరానికి మొదటిసారి ఒక మందంటూ దొరికిందో లేదో యుద్ధం వచ్చిపడింది, ఓడలు తగ్గిపోయాయి. పెన్సిలిన్ అయితే ముందు సైనికులకే. మన దేశంలో పెన్సిలిన్ కోసం పింప్రీలో హిందుస్థాన్ యాంటిబయాటిక్స్ ఏర్పడింది 1954లో. ఆ మధ్యకాలమంతా నర్సు చేతులు, సబ్బు, క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లం, మరిగిన నీళ్ళే మందు.

"మా ట్యూటరమ్మ ఒక మాట అనేది" అని సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. "మందు డాక్టరు రాస్తారు, అది ఉంటే. గోళ్ళు కత్తిరించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది, అనేది. రోజూ పొద్దున వరసలో నిలబెట్టి మా గోళ్ళు చూసేది."

ఎంతమంది ఉండేవాళ్ళు ఈ పనికి? దేశం మొత్తం లెక్క ఒకటుంది. దేశంలో వైద్యం ఎట్లా ఉందో చూడమని 1943లో ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. ఏటా దాదాపు రెండు లక్షల మంది తల్లులు గర్భం, కాన్పు కారణంగా చనిపోతున్నారని ఆ కమిటీ అంచనా. ఈ కొద్దిమంది నర్సుల్లోంచే సైనిక ఆసుపత్రులకూ తీసుకున్నారు. డాక్టర్లనూ తీసుకున్నారు. 1943 ఏప్రిల్‌లో ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పడ్డాక, జిల్లాల్లో పనిచేసే ఎల్.ఎం.పి. డాక్టర్లకు (డిగ్రీ కాక లైసెన్సు చదువు చదివినవాళ్ళకు) కూడా అందులో చోటు దొరికింది. ఆ డాక్టరు వెళ్ళిపోయిన పల్లెలో చేయి తిరిగిన మంత్రసాని, పట్నంలో ఇద్దరు ముగ్గురు నర్సులు మిగిలారు. యుద్ధం మన దాకా రాలేదనే మాట నేను ఇక ఒప్పుకోను.

వచ్చేముందు సిస్టరమ్మను అమ్మమ్మ సంగతి అడిగాను. 1943, తెనాలి దగ్గర పల్లె, తొలి కాన్పు, మగబిడ్డ. ఆమె చాలాసేపు ఆలోచించి, ఆ ఏళ్ళలో లేబర్ వార్డు రాత్రిళ్ళు చూసినవాళ్ళని తను విన్న నాలుగు పేర్లు చెప్పారు. వాళ్ళ కుటుంబాల అనుమతి లేకుండా ఆ పేర్లు ఇక్కడ రాయను. నా పుస్తకంలో రాసుకున్నాను. నాలుగింటిలో ఒకటి అమ్మమ్మ పక్కన కూర్చున్న ఆ నర్సుదే అయ్యుంటుందని ఆశ.

సోమవారం, గుంటూరు

ఉదయం శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఉప్మా పెసరట్టు తిని ఏ.సి. (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ వైపు నడిచాం. 1885లో మొదలైన ఈ కాలేజీ కూడా ఆ లూథరన్ మిషన్ పెట్టిందే. యుద్ధంలో వాల్తేరు మీద బాంబుల భయంతో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఒక విశ్వవిద్యాలయం వచ్చి పడితే ఈ ఊళ్ళో అద్దె ఇళ్ళకు, పాలకు, బియ్యానికి ఎంత గిరాకీ అయ్యుంటుందో! ఆసుపత్రులకు కూడా.

సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిని నడిపే జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) కాథలిక్ సిస్టర్ల కథ వేరు. వాళ్ళ సంఘం 1904లో హాలండు నుంచి గుంటూరు వచ్చింది. 1940 మేలో జర్మనీ హాలండును ఆక్రమించింది. ఇక్కడున్న డచ్చి సిస్టర్లకు అయిదేళ్ళపాటు సొంత దేశం శత్రువు చేతుల్లో ఉంది. పొద్దున లేచి ఇంకొకరి బిడ్డకు స్నానం చేయిస్తూ, తన తల్లి బతికుందో లేదో అని ఒక సిస్టర్ అనుకుని ఉండదా? నేను గేటు దగ్గరే కాసేపు నిలబడ్డాను, లోపల పొద్దుటి ఓపీ హడావుడి.

జిన్నా టవర్ దాటి ప్రభుత్వాసుపత్రి చేరేసరికి ఎండ ఎక్కింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైంది. అప్పటిదాకా మన వైపు పిల్లలు డాక్టరీ చదవాలంటే విశాఖో మద్రాసో పోవాలి. ఆ కాలేజీకి బిల్డింగులు, బోర్డులు, ఫోటోలు, ఉత్సవాల ఆలోచనలు అన్నీ ఉంటాయి. ఉండాలి కూడా. ఆ ఫోటోల పక్కన గోడ మీద ఇంకొక చోటు ఖాళీగా ఉంచమని అడగాలని నాకుంది. యుద్ధం ఏళ్ళలో జిల్లాలో పనిచేసిన నర్సులు, మిడ్‌వైఫులు, కాంపౌండర్ల పేర్లు, దొరికినన్ని.

బస్టాండులో ఉండగా సిస్టరమ్మ ఫోను. "చీరాల మిషన్ ఆసుపత్రికి వెళ్ళకుండా ఊరికి పోతున్నావా అమ్మా? రెంటచింతలకు? మా బ్యాచిలో ముగ్గురు చీరాల వాళ్ళు, ఒకామెకు మతి చక్కగా ఉంది. ఆలస్యం చేయమాకు, మా వయసు సంగతి నీకు తెలుసుగా."

వదిన అప్పటికే తన ఇన్‌ఛార్జికి ఫోను చేసి ఇంకొక రోజు సెలవు అడుగుతోంది. బాపట్ల మీదుగా చీరాల పోయే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద ఉంది. హైదరాబాదు టికెట్టు రద్దు చేసి ఆ బస్సెక్కాం.